గానెట్స్‌కు తొమ్మండుగురు

ఇంకా ముగ్గురు రావాలి. ముగ్గురే కదా, కొంపలేమీ మునిగిపోలేదు, పన్నెండు కావడానికి ఇంకా టైముంది అని తనకు తానే నచ్చజెప్పుకుంటూ యేసుదానం పార్కు గట్టు మీద వేసుకున్న మడతకుర్చీలో వెనక్కి వాలాడు. వాలాడే గాని వీపు ఆనలేదు. నిన్న కురిసిన వాన గడ్డిలో ఇంకా ఇంకనే లేదు. నీలం రంగు పుకేకో పక్షులు రెండు ఎర్రటి కాళ్లతో ఆ తడిలో ఏదో పారేసుకున్నట్టు వెతుక్కుంటూ తిరుగుతున్నాయి. అవి నిలబడ్డ చోటే రైట్ ఫీల్డ్. పోయిన సీజనంతా అక్కడ నిలబడ్డ పొడుగాటివాడికి క్రైస్ట్‌చర్చ్‌లో ఉద్యోగం దొరికింది, ఇంకొకడికి పెళ్లయింది, ఇంకొకడికి మోకాలు పోయింది, అలా ఒక్కొక్కరే జారుకుంటే ఆరుగురు మిగిలారు. బేస్‌బాల్‌కి తొమ్మిదిమంది ఉండాలి. ఇవాళ పన్నెండు లోపల తొమ్మిది పేర్లు లీగ్ వాళ్లకు అందకపోతే గానెట్స్ అనే జట్టే ఉండదు, దాని చోటు ఇంకో క్లబ్బుకి ఇచ్చేస్తారు, ఒకసారి పోయిన చోటు మళ్లీ రాదు. ఇదొక గొడవ. రెండో గొడవ చర్చి వ్యానెక్కి బయల్దేరింది. "బ్రదర్, వస్తున్నామండీ! సరిగ్గా తొమ్మండుగురం! చూశారా దేవుడి పని!" అని పాస్టర్ దీవెనయ్యగారు ఇందాక ఫోన్లో పొంగిపోయారు. వాళ్లు వస్తున్నది ఆడటానికి కాదు, సువార్త చెప్పడానికి. యేసుదానానిది సువార్త టీమని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకం ఎలా పుట్టిందో తల్చుకోవడం ఇష్టం లేక మైదానం వైపు చూశాడు.

మైదానంలో కెప్టెన్ వైరెము బంతి విసురుతున్నాడు, కెంజీ పట్టుకుంటున్నాడు. తోలు గ్లవ్‌లో బంతి పడ్డప్పుడల్లా ఠప్‌మని మోత. ఆ మోత వింటే చాలు, యేసుదానం మనసు ఎక్కడికో పోతుంది. చీరాలలో పొగాకు గోడౌన్ గుర్తొస్తుంది, లారీ మీంచి బేళ్లు నేల మీద పడే ఠప్పులు, ముక్కుపుటాలు మండించే ఆ ఘాటు, అందులో కుర్చీ వేసుకుని కూర్చున్న గుమాస్తా యేసుదానంగారు, ఆయన సంతకం కోసం నిలబడి ఎదురుచూసే మనుషులు. సరే, అదంతా పాత పాట. ఆ ఠప్పే ఇక్కడ అతన్ని బస్సు దింపింది. ఈ పార్కు పక్కనే తను నడిపే బస్సుకి ఆఖరి స్టాపు. బస్సు ఆపి ఫ్లాస్కులో టీ వంపుకుంటుంటే ఠప్, ఠప్. ఏంటా అని దిగి చూస్తే టోపీలవాళ్లు. అంతలో ఒకడు కొట్టిన బంతి వాడి తల మీంచే వెనక్కి ఆకాశంలోకి లేచింది. క్రికెట్లో అలా వెనక్కి పోతే ఫోరు కాదూ, కీపరు తల మీంచి పోయింది కాదూ, యేసుదానం టీ కప్పు గోడ మీద పెట్టేసి, "షాట్! షాట్!" అని చప్పట్లు కొట్టాడు. కొట్టింది తనొక్కడే. అందరూ తిరిగి చూశారు. కొండంత మనిషి వైరెము, ప్లంబరు, నవ్వుకుంటూ దగ్గరికొచ్చి ఒక ముక్క అన్నాడు. ఫౌల్ అన్నాడట పాపం. మనవాడికి ఫూల్ అని వినపడింది. మొహం మాడ్చుకుని బస్సెక్కేశాడు. ఎక్కాడా, మర్నాడు మళ్లీ దిగాడు! అభిమానం ఉన్న మనిషే గాని ఆ ఠప్పు ముందు నిలవలేదు.

తర్వాత్తర్వాత వైరెమే దగ్గర కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ చెప్పాడు. కొట్టకపోతే స్ట్రైక్ అంటారట, కొట్టకపోతే స్ట్రైకేమిట్రా నాయనా! వెనక్కి పోతే దండగ, బ్యాటు పట్టుకుని పరిగెత్తకూడదు, పారేసి పరిగెత్తాలి. ఈ పారెయ్యడమే యేసుదానానికి అన్నిటికన్నా నచ్చింది. చీరాల గ్రౌండులో బ్యాటు ఎవడిదైతే వాడే రాజు, అవుటైనా వదిలేవాడు కాదు. మరి తనో? తనకెన్నడూ బ్యాటూ లేదు, వంతూ లేదు. పెద్దవాళ్ల ఆటలో చిన్నవాణ్ని ఏడిపించడం దేనికని కలుపుకునేవాళ్లు, అటు వైపో ఇటు వైపో వాళ్లకే తెలియదు, ఆపినా లెక్కలోకి రాదు, పట్టినా క్యాచి కాదు. ఆటలో అరటిపండు. ఎదిగాక పోతుందనుకుంటాం కదా ఆ పేరు, ఎక్కడ పోయింది? భార్య గ్రేసమ్మకు నర్సుగా వీసా వస్తే ఆమె వెనకాల తనకూ వచ్చింది. ఎయిర్‌పోర్టులో ఆఫీసరు కాగితాలు తిరగేసి, "ఓ, యు ఆర్ విత్ హర్" అన్నాడు. ఆ ముక్క బస్సు నడుపుతుంటే ఇప్పటికీ చెవిలో మోగుతుంది. ఈ ఊళ్లో బస్సు దిగేవాళ్లందరూ డ్రైవరుకి థాంక్యూ చెప్పి దిగుతారు, మంచి అలవాటే, మొదట్లో మురిసిపోయాడు కూడా. కొన్నాళ్లకు తెలిసొచ్చింది, ఒక్కరూ మొహం చూసి చెప్పరు. చర్చిలో గ్రేసమ్మగారి హస్బెండు, ఆవిడ పనిచేసే వృద్ధుల రెస్ట్‌హోములో గ్రేస్ వాళ్ల ఆయన, బ్యాంకు ఖాతాలో రెండో పేరు. కోపం కాదు, గ్రేసమ్మ మీద కోపమేముంటుంది, ముసలివాళ్లను ఎత్తీ దించీ నడుం అరిగిపోయి ఇంటికొచ్చే మనిషి మీద? ఊరికే, అలా ఉందంతే.

ఈ పార్కులో మాత్రం వచ్చాడంటే వచ్చాడని తెలుస్తుంది. ఎందుకంటే ఇంకెవరూ రారు! గానెట్స్‌ను చూడటానికి వచ్చే ప్రేక్షక జనం మొత్తం ఈ మడతకుర్చీలో పడుతుంది. ఆడేవాణ్ని ఒక్కడైనా చూడాలి, ఎవరూ చూడకపోతే ఆ పరుగు పరుగెత్తినట్టే ఉండదు, అది యేసుదానం సిద్ధాంతం. చూడటంలో అతనికి లోటు లేదు. కెంజీ, సిటీలో సుషీ కొట్లో పనిచేసే జపాను అబ్బాయి, చెయ్యి విదిలిస్తే బంతి బ్యాటు దాకా తిన్నగా వచ్చి చివర్లో చటుక్కున కిందికి జారుతుంది, మెట్టు చూసుకోకుండా కాలేసినట్టు. ఆ జారుడు ఈ చలికాలంలో ఇంకా పదునెక్కింది. వైరెము పొట్ట తగ్గించాడు, బీచి వెంట పరిగెత్తుతున్నానని చెప్పాడు, అబద్ధమైనా పొట్ట మాత్రం నిజంగానే తగ్గింది. ఈ ఇద్దరూ ఉంటే, మిగతావాళ్లు కాస్త బంతి వదిలెయ్యకుండా పట్టుకుంటే, కప్పు సంగతి దేవుడెరుగు, ఒక్క మ్యాచి. ఒక్కటంటే ఒక్కటి. పోయిన సీజన్లో ఒకటి గెలవకపోలేదు, అవతలి జట్టు దారి తప్పి ఇంకో పార్కుకి పోతే ఇచ్చిన గెలుపది. ఆ రోజు వైరెము ఖాళీ మైదానంలో నిలబడి చప్పట్లు కొట్టుకుంటే యేసుదానానికి నవ్వూ వచ్చింది, గుండె చెరువూ అయింది. ఈసారి అలా కాదు. ఎండలో, అవతల నిజం మనుషులుండగా, చివరి ఇన్నింగ్స్‌లో మోకాళ్ల దాకా మట్టి పూసుకుని గెలవాలి. బస్సు నడుపుతూ ఆ మ్యాచి ఎన్నిసార్లు గెలిపించాడో! ఒకసారి గెలుపు ధ్యాసలో స్టాపు దాటిపోతే ఒకావిడ బెల్లు కొట్టీ కొట్టీ అరిచింది కూడా. తనదైన కోరిక అంటూ ఒకటుండటం ఎంత సుఖంగా ఉంటుందో మర్చిపోయి చాలా ఏళ్లయింది.

మర్చిపోయాడు అనడం కూడా సరికాదు, మానేశాడు. వచ్చిన కొత్తలో దేవుణ్ని అడిగాడు. ఆఫీసు ఉద్యోగం అడిగాడు, పంపిన అర్జీకల్లా జవాబు అడిగాడు, తన అనుభవాన్ని ఎవరైనా అనుభవం కింద లెక్కేస్తే చాలని మోకాళ్ల మీద అడిగాడు. రాలేదు. దేవుడితో పోట్లాటేమీ పెట్టుకోలేదు, అడగడం మానేశాడంతే, మాటిమాటికీ అడిగి ఆయన్నీ ఇబ్బంది పెట్టి, తనూ ఇబ్బంది పడటమెందుకని. ఫ్లాట్ బుష్ పేటలో కూడుకునే ప్రార్థనలకు వెళ్తాడు, పాటలు పాడతాడు, వడలు తింటాడు, విన్నపాలు చెప్పే వేళకు తల దించుకుంటాడు. గ్రేసమ్మ పక్కనే కూర్చుని ఓరగా చూస్తుంది. ఏనాడూ అడగలేదు, ఎందుకు నోరు విప్పరని. ఆ చూపుని మాత్రం తప్పించుకోవడం కష్టం.

మొన్న బుధవారం మాత్రం నోరు తనంతట తనే విప్పుకుంది. దీవెనయ్యగారు మామూలుగానే, "ఇంకెవరికైనా విన్నపాలున్నాయా?" అన్నారు. యేసుదానం లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో ఇప్పటికీ తెలియదు. "మా టీమ్ కోసం ప్రార్థన చెయ్యండయ్యగారూ. తొమ్మిదిమంది కావాలి. ఆరుగురే ఉన్నారు. శనివారం లోపల దొరక్కపోతే టీమ్ ఎత్తేస్తారు." అంతే. అయ్యగారి కళ్లు పెద్దవయ్యాయి. "టీమ్ నడుపుతున్నారా బ్రదర్! ఎక్కడ?" "పార్కులోనండి." "బహిరంగంగానే?" "అవునండి, అందరి ఎదురుగానే." "జనం వస్తున్నారా?" "ఎవరూ రారండి. నేనొక్కణ్ణే కూర్చుంటా." అయ్యో, స్తోత్రం, అని ఆడవాళ్లు నిట్టూర్చారు. "ఎన్నాళ్ల నుంచి?" "మూడేళ్లు." "ఫలితం?" "పోయినేడు ఒక్కటి వచ్చిందండి." "ఒక్కటైనా ఎంత గొప్ప సంగతి బ్రదర్!" అని దీవెనయ్యగారు కళ్లు తుడుచుకున్నారు. యేసుదానం ఏమనుకున్నాడో తెలుసా? అయ్యగారికి బేస్‌బాల్ మీద ఇంత మక్కువ ఉందని ఇన్నాళ్లూ తెలియనే లేదే అనుకున్నాడు! ప్రార్థనలో ఆత్మలు, పంట, పనివాళ్లు అని మొదలయ్యాక గాని వాళ్లనుకున్నది సువార్త టీమని వెలగలేదు. కళ్లు తెరిచాడు, చెప్పేద్దామని. పక్కన గ్రేసమ్మ ఏడుస్తోంది. వెక్కిళ్లు పెట్టి కాదు, ఊరికే, ధారగా, మొహం నిండా సంతోషంతో. ఆ మొహం పెళ్లి నాడు చూశాడు, మళ్లీ ఇదే. ఇంక ఏ నోటితో చెబుతాడు?

అప్పుడే చెప్పి ఉంటే ఒక నవ్వుతో పోయేది. మర్నాడు పొద్దున గ్రేసమ్మ బాక్సు కట్టుకోలేదు. "ఆ ముగ్గురు దొరికేదాకా నేను ఉపవాసం" అంది, అదేదో బజారుకెళ్లొస్తానన్నంత తేలిగ్గా. మూడు రోజులు. పొద్దున మంచినీళ్లు, రాత్రికి గ్లాసుడు మజ్జిగ, మధ్యలో రెస్ట్‌హోములో డ్యూటీ. తను పెరుగన్నం కలుపుకుని ఎదురుగా కూర్చున్నాడు, ముద్ద నోట్లో పెట్టుకున్నాడు, మింగాడు, ఆవిడేమో టీవీ సౌండు తగ్గించి బైబిలు తెరుచుకుంది. గ్రేసూ, అని పిలిచాడు. ఏంటండీ అంది. ఆ కళ్ల కింద నలుపు చూసి, ఏం లేదు, ఉప్పు కొంచెం తక్కువైంది అన్నాడు. ఛీ, ఏం మనిషండీ! అన్నం దగ్గర ఉప్పు గురించి మాట్లాడటానికి నోరొచ్చింది గాని నిజం చెప్పడానికి రాలేదు. ఇవాళ పొద్దున కూడా ఆవిడ డ్యూటీలోనే ఉంది, వ్యాన్ వాళ్లు అక్కడికెళ్లి ఎక్కించుకుంటారు. నేను ముందెళ్లి ఏర్పాట్లు చూస్తా అని తను కారేసుకుని వచ్చేశాడు. ఏర్పాట్లు! పుకేకోలకు కుర్చీలు వెయ్యాలి కాబోలు.

"ఎనీబడీ, మేట్?" అని వైరెము దూరం నుంచే అరిచాడు. యేసుదానం తల అడ్డంగా ఊపాడు. వైరెము టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు. కెంజీ బంతిని చేతిలో తిప్పుకుంటూ నేలకేసి చూస్తున్నాడు, మిగతా నలుగురూ కంచె దగ్గర ఫోన్లు నొక్కుతున్నారు, తెలిసినవాళ్లకీ తెలియనివాళ్లకీ. ఈ ఆట పోతే వాళ్లకేం, ఇంకో క్లబ్బు చూసుకుంటారు, కెంజీని ఎగరేసుకుపోవడానికి నలుగురు కాచుకునున్నారు. తనేం చూసుకుంటాడు? ఇంకో జట్టుని చూడొచ్చుగా అంటారెవరైనా. చూడొచ్చు. అక్కడ జనముంటారు, తను లేకపోయినా వాళ్లకు తేడా తెలియదు. దేవుడా, అనుకున్నాడు, అనుకుని ఆగిపోయాడు, ఎందుకంటే అది ఊతపదంగా రాలేదు, నిజంగానే పిలిచాడు. నేను అడిగింది వాళ్లకు వేరేగా వినపడి ఉండొచ్చు, నీకు సరిగ్గానే వినపడింది కదా? ఇది చిన్న సంగతే, నీకు చాలా పనులుంటాయి, తెలుసు. అయినా నాకు కావాలి. ఇంకేం అడగలేదు కదా ఇన్నేళ్లూ. నాకిది కావాలి.

తెల్ల వ్యాను కార్ పార్కులోకి తిరిగింది. తలుపు జరిగింది, ముందు కంజిర మోగింది, తర్వాత చేతిమైకు పట్టుకుని దీవెనయ్యగారు దిగారు, డ్రైవరు సీట్లోంచి ఆయన కొడుకు ఈతన్, వెనక నుంచి నర్సు జోసఫిన్, మిగతావాళ్లు, అందరికన్నా చివర రెస్ట్‌హోము యూనిఫారమ్‌తోనే గ్రేసమ్మ. యేసుదానం లేచి నిలబడ్డాడు.

"వందనాలు బ్రదర్! ఏరీ మన టీమ్ వాళ్లు?"

"అదుగోనండి. వాళ్లే."

"వీళ్లా! అన్ని దేశాలవాళ్లూ ఉన్నారే! స్తోత్రం!"

"అయ్యగారూ." యేసుదానం ఒకడుగు ముందుకేశాడు. "ఇది సువార్త టీమ్ కాదండి. బేస్‌బాల్ టీమ్. ఆట. నేను ఆ రోజు అడిగింది వీళ్ల కోసమే. మీరు వేరేగా అనుకున్నారు. నాకు తెలిసింది, తెలిసీ చెప్పలేదు."

కంజిర ఎవరి చేతిలోనో ఒకసారి గల్లుమని ఆగిపోయింది. జోసఫిన్ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. దీవెనయ్యగారు మైదానాన్నీ, బ్యాట్లనీ, యేసుదానాన్నీ మార్చిమార్చి చూశారు.

"మరి పోయినేడు ఒక్కటి వచ్చిందన్నారు?"

"మ్యాచండి. అదీ అవతలివాళ్లు రాకపోతే."

"ఓహో," అన్నారు అయ్యగారు, చేతిమైకు దించుతూ.

గ్రేసమ్మ దగ్గరికి వచ్చింది. యేసుదానం ఆవిడ బూట్ల వైపే చూస్తున్నాడు, తల పైకెత్తడానికి ధైర్యం చాలలేదు.

"మూడు రోజులండీ," అంది ఆవిడ నెమ్మదిగా. "కడుపు మాడ్చుకున్నాను."

"తెలుసు గ్రేసూ."

"తెలిసే నా ఎదురుగా కూర్చుని ఉప్పు తక్కువైందన్నారు."

"అన్నాను."

ఆవిడ మైదానం వైపు తిరిగింది. కోపంగా ఉంది, ఉండదా మరి, ముక్కుపుటాలు అదురుతున్నాయి. "ఒకటి చెప్పండి. ఆ రోజు లేచి నిలబడ్డారు చూడండి, అది నాటకమా? నిజంగా కావాలనే అడిగారా?"

"నిజంగానే. చాలా కావాలి గ్రేసూ నాకు."

గ్రేసమ్మ గాలికి ఎగిరిన జుట్టు చెవి వెనక్కి తోసుకుంది. "ఈ దేశం వచ్చాక," అంది, "మీ నోట నాకిది కావాలన్న మాట నేను వినలేదు. కూరేం చెయ్యమన్నా నీ ఇష్టం అంటారు. బతికున్న మనిషికి ఒక్క కోరికైనా లేకపోతే ఎలా అని నేను ఎన్నిసార్లు ఏడ్చానో మీకేం తెలుసు." కళ్లు తుడుచుకుంది, తుడుచుకున్న చేత్తోనే మైదానం చూపించింది. "ఎంతమంది తక్కువ?"

"ముగ్గురు."

"ఒరేయ్ ఈతన్! స్కూల్లో సాఫ్ట్‌బాల్ ఆడేవాణ్నని చెప్పావు కదరా?"

"యా ఆంటీ, బట్..."

"బట్టూ లేదు గిట్టూ లేదు, వెళ్లు. జోసీ, నర్సింగ్ కాలేజీలో త్రోబాల్ కెప్టెన్నని ఎప్పుడూ ఊదరగొడతావుగా? ఆడపిల్లల్ని ఆడనిస్తారా ఇందులో?"

"సోషల్ గ్రేడు, సరదా లీగే, ఎవరైనా ఆడొచ్చు," అన్నాడు యేసుదానం, జరుగుతున్నదేదో నమ్మలేక.

"అయితే నడువమ్మా. అయ్యగారూ, మీరు?"

దీవెనయ్యగారు భుజం పట్టుకుని చూపించారు. "చెయ్యి పైకి లేవదమ్మా. లేస్తే వద్దనేవాణ్ని కాదు." మిగతావాళ్లు నేల చూపులు చూశారు, ఒకావిడ కంజిర వీపు వెనక దాచుకుంది. జోసఫిన్ చున్నీ నడుముకి బిగించుకుని అప్పటికే గడ్డిలోకి పరుగెత్తింది, పుకేకోలు రెండూ అదిరిపడి పక్కకు తప్పుకున్నాయి. వైరెము వాళ్ల పేర్లు ఫోన్లో కొట్టుకుంటూ, "వన్ మోర్, మేట్! జస్ట్ వన్!" అని ఈ గట్టు వైపు కేకేశాడు.

"వెళ్లండి," అంది గ్రేసమ్మ.

"నేనా! నాకు ఆడటం ఎక్కడొచ్చే? నాకు చూడటమే వచ్చు."

"చూడటానికి నేనుంటాను. వెళ్లండి."